రౌటరు యంత్రము: చేతిపనికి, బల్లపనికి ఎన్నుకొనుట ఎట్లు?



వ్యవసాయ పత్రికలో వడ్రంగి యంత్రమును గూర్చి వ్యాసమేమిటని కొందరు పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. కారణము కలదు. మన చిత్తూరు, తిరుపతి ప్రాంతములలో వ్యవసాయము వానదేవుని దయపై ఆధారపడినది. వేరుసెనగ పోయిన ఏడాది రైతును ఆదుకొనునది పాడి, పట్టుపురుగులు, చేతిపని. గట్లమీద వేప, చింత, టేకు లేని పొలము అరుదు. కాపు తగ్గిన తోతాపురి మామిడి చెట్లను నరికించి కొత్త మొక్కలు నాటువారును కలరు. అట్లు నరికిన మానును చాలమంది వంటచెరకు ధరకే ఇచ్చివేయుచున్నారు. అదే మాను పలకలై, ఆరి, తలుపుగానో పెట్టెగానో మారినచో దాని విలువ పలు రెట్లగును.

ఈ ఆలోచనతో కొందరు రైతుబిడ్డలు వడ్రంగము నేర్చి, పట్టణమునకు పోయి రౌటరు యంత్రములు కొనుచున్నారు. పొలములకు పోయినపుడు వారు మమ్ము అడుగు ప్రశ్న ఒక్కటే: "సార్, ఏది కొంటే చేతికీ పనికొస్తుంది, బల్లకీ పనికొస్తుంది?" ఈ ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసము. ఏ కంపెనీ పేరును ఇచ్చట సిఫారసు చేయుట లేదు. ఏ గుణములు చూడవలెనో మాత్రము తెలుపుచున్నాము.

రౌటరు అనగా నేమి?

పూర్వము మన వడ్రంగులు గాడి తీయవలెనన్న ఉలి, సుత్తి, గాడి చిత్రిక వాడెడివారు. ఈ పనిని విద్యుచ్ఛక్తితో చేయునదే రౌటరు. ఇందు ముఖ్య భాగములు నాలుగు. మొదటిది మోటారు. ఇది నిమిషమునకు 10,000 మొదలు 30,000 చుట్ల వరకు తిరుగును. మీ బోరుబావి పంపుసెట్టు మోటారు నిమిషమునకు 2,900 చుట్లకు దరిదాపుగా తిరుగునని గుర్తు తెచ్చుకొన్నచో తేడా తెలియును. రెండవది కాలెట్, అనగా బిట్టు కాడను బిగించి పట్టు భాగము. మూడవది పీఠము, దీనిపై యంత్రము కొయ్యమీద జరుగును. నాలుగవది కోత కోయు బిట్టు.

యంత్రమును రెండు చేతులతో పట్టి కదలని కొయ్యమీద నడిపినచో అది చేతిపని. యంత్రమును బల్ల క్రింద తలక్రిందులుగా బిగించి, బిట్టును బల్లపైకి తీసి, కొయ్యను దానికి తాకించుచు తోసినచో అది బల్లపని. పెద్ద కొయ్య, చిన్న కోత అయినచో చేతిపని మేలు. చిన్న కొయ్య, ఒకే కోతను పదులకొలది పలకలలో తీయవలసి యున్నచో బల్లపని మేలు.

ముందు పని, పిదప యంత్రము

యంత్రమును కొనబోవువాడు అంగడికి పోకమునుపు తన పని ఏదో కాగితముమీద వ్రాసికొనవలెను. మన ప్రాంతమున సాధారణముగా వచ్చు పనులు మూడు విధములు.

మొదటిది ఇంటి పని. తలుపులకు దిలాసాలు కూర్చు గాడులు, కిటికీ రెక్కలలో అద్దము కూర్చుండు మెట్టు గాడి, తాళము దిగుటకు బెజ్జము, అంచులకు నగిషీ. ద్వారబంధమును ఎత్తి బల్లమీద పెట్టలేము. కావున ఇందు చేతిపని ఎక్కువ. బెజ్జములకు యంత్రము కొయ్యలోనికి నిలువుగా దిగవలెను.

రెండవది పెట్టెల పని. తేనెటీగల పెట్టెను ఉదాహరణగా తీసికొనుడు. తేనెటీగలు తిరుగుటకు చట్రములకును పెట్టె గోడకును మధ్య సుమారు 6 మొదలు 9 మిల్లీమీటర్ల సందు ఉండవలెనని అమెరికా దేశమున లాంగ్‌స్ట్రాత్ అను నాతడు 1851లో గుర్తించెను. సందు అంతకన్న ఇరుకైనచో ఈగలు దానిని జిగురుతో మూసివేయును. వెడల్పైనచో అందు అదనపు పట్టు కట్టును. అప్పుడు చట్రము పైకి తీయుట కష్టమగును. పట్టు తెగును, ఈగలు చచ్చును. చట్రములు ఆనుకొను మెట్టు గాడి ఇరువది పెట్టెలలోను ఒకే కొలతగా నుండవలెను. చేతిలో యంత్రము పట్టి ఇన్ని కోతలు సమముగా తీయుట కష్టము. ఇది బల్లపని. పట్టుపురుగుల పెంపకపు స్టాండ్లు, పెట్టె మూలల కూర్పులు కూడ ఈ కోవకు చెందినవే.

మూడవది శిల్పపు పని. శ్రీకాళహస్తికి, తిరుపతికి నడుమ ఏర్పేడు మండలములోని మాధవమాల గ్రామము కొయ్య శిల్పములకు పేరెన్నికగన్నది. తిరుపతిలో అమ్ము ఎర్రచందనపు మరపాచి బొమ్మలు దసరా కొలువులలో పెట్టుట వాడుక. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానము వారు 1960లో స్థాపించిన సాంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థలో కొయ్య శిల్పమును కూడ నేర్పుచున్నారు. ఈ పనిలో రౌటరుకు స్థానము స్వల్పము. బొమ్మ చుట్టునున్న వృథా కొయ్యను ఒకే లోతుకు తీసివేయుటకు, అంచు గీతలు దించుటకు తేలికైన యంత్రము పనికివచ్చును. కన్ను, ముక్కు, పెదవి ఉలికే వదలవలెను.

మీకు వచ్చు పని ఈ మూడింటిలో ఏది ఎంత పాలు అన్నది తెలిసినచో యంత్రము ఎన్నిక సగము పూర్తియైనట్లే.

మూడు తరగతుల యంత్రములు

చిన్నది: దీనిని దుకాణములలో ట్రిమ్మరు అందురు. 500 మొదలు 700 వాట్లు. బరువు సుమారు కిలోన్నర. ఒక చేత పట్టవచ్చును. 6 మిల్లీమీటర్ల లేక పావు అంగుళపు కాడ గల బిట్లు మాత్రమే పట్టును. చాల రకములలో వేగము తగ్గించు మార్గము లేదు. ఎప్పుడును 30,000 చుట్లే. అంచుల నగిషీకి, సన్మైకా అంచు కోతకు, శిల్పుల పనికి ఇది చక్కనిది. దీనిని బల్ల క్రింద బిగించి పెద్ద బిట్లు వాడుట తగదు.

మధ్యది: 1,200 మొదలు 1,700 వాట్లు. బరువు మూడు నాలుగు కిలోలు. మంచి రకములలో అర అంగుళపు కాడ, పావు అంగుళపు కాడ రెండును పట్టు రెండు కాలెట్లు వచ్చును. వేగమును తిప్పుడు బొత్తాముతో మార్చవచ్చును. చేతను భరించవచ్చును, బల్లకును సరిపోవును.

పెద్దది: 1,800 మొదలు 2,300 వాట్లు. బరువు ఐదారు కిలోలు. తలుపుల తయారీయే వృత్తిగా గలవారికి, బల్లకు శాశ్వతముగా బిగించువారికి తగినది. రోజంతయు చేత పట్టి పని చేయుట శ్రమ.

చేతికి, బల్లకు ఒకే యంత్రము కావలెనన్నవారికి మా సలహా ఇది: మధ్య తరగతి యంత్రమును, అందును రెండు పీఠములు గల రకమును కొనుడు. ఈ రకములో మోటారు ఒక్కటే. దానిని పీఠమునుండి ఊడదీసి మరొక పీఠములో బిగించవచ్చును. ఒకటి స్థిర పీఠము. దుకాణములలో ఫిక్సెడ్ బేస్ అందురు. దీనిని బల్ల క్రింద శాశ్వతముగా ఉంచవచ్చును. రెండవది దిగుడు పీఠము. ప్లంజ్ బేస్ అందురు. దీనికి స్ప్రింగులు గల రెండు కంబములుండును. అదిమినచో మోటారు క్రిందికి దిగి, వదలినచో పైకి లేచును. తాళపు బెజ్జములకు, గాడులకు ఇది చేతిలో పనిచేయును. బల్లనుండి మోటారు తీసి చేతి పీఠములో పెట్టుటకు రెండు నిమిషములు చాలును. రెండు పీఠముల రకము దొరకనిచో, దిగుడు పీఠము గల మధ్య తరగతి యంత్రమునే కొని, దాని అడుగు పలకను విప్పి బల్లకు బిగించుకొనవచ్చును. అయితే తలక్రిందులుగా నున్నపుడు స్ప్రింగు బలము ఎదురు తన్నును గనుక ఎత్తు సరిచేయు మరచుట్టు గట్టిగా పట్టు రకమును చూచుకొనవలెను.

వాట్లకన్న ముఖ్యమైనవి

దుకాణదారు మొదట చెప్పునది వాట్లు, పిదప ధర. మీరు అడుగవలసినవి వేరు.

1. కాలెట్ కొలత. అర అంగుళపు కాడ అనగా 12.7 మిల్లీమీటర్లు, పావు అంగుళము 6.35 మిల్లీమీటర్లు. మందము రెట్టింపైనచో వంగకుండ నిలుచు గట్టిదనము పదునారు రెట్లగును. లావు కాడ గల బిట్టు అదరదు, కోత నున్నగా వచ్చును. మరియొక మాట. మన అంగళ్లలో 6 మిల్లీమీటర్ల కాడ బిట్లును, పావు అంగుళపు కాడ బిట్లును కలిసియే అమ్ముదురు. కంటికి తేడా తెలియదు. 6 మిల్లీమీటర్ల కాడను 6.35 కాలెట్‌లో పెట్టినచో బిగిసినట్లే తోచును గాని పనిలో జారును. అట్లే 12 మిల్లీమీటర్ల కాడ 12.7 కాలెట్‌కు పనికిరాదు. జారిన బిట్టు తూటావలె ఎగురును. బిట్టు కొనునపుడు కాడ కొలతను చీటీపై వ్రాయించుకొనుడు.

2. వేగము మార్చు సాధనము. బిట్టు వ్యాసము పెరిగినకొలది దాని అంచు వేగము పెరుగును. 12 మిల్లీమీటర్ల బిట్టు 24,000 చుట్ల వద్ద గంటకు సుమారు 54 కిలోమీటర్ల వేగమున కోయును. అది చిత్తూరు రోడ్డున పోవు బస్సు వేగము. 50 మిల్లీమీటర్ల బిట్టును అదే చుట్లమీద నడిపినచో అంచు వేగము గంటకు సుమారు 226 కిలోమీటర్లగును. కొయ్య మాడును, బిట్టు పగిలి ఎగురు ప్రమాదము గలదు. కావున 25 మిల్లీమీటర్ల వరకు 22,000 మొదలు 24,000. 25 మొదలు 50 వరకు 16,000 మొదలు 18,000. అంతకు మించిన దిలాసా బిట్లకు 10,000 మొదలు 12,000 చుట్లు అని స్థూలముగా గుర్తుంచుకొనుడు. బిట్టుపై తయారుచేసినవారు ముద్రించిన గరిష్ఠ వేగమును ఎన్నడును దాటరాదు. వేగము మార్చ వీలులేని యంత్రమునకు పెద్ద బిట్టు పెట్టరాదు.

3. మెల్లగా లేచు గుణము. మీట నొక్కగానే ఒక్క కుదుపుతో గాక క్రమముగా వేగమందుకొను యంత్రము చేతిలో తిరుగబడదు, పల్లెటూరి లైనుపై బరువును తగ్గించును. దీనిని సాఫ్ట్ స్టార్ట్ అందురు.

4. ఎత్తు సరిచేయు తీరు. బల్ల క్రింద బిగించిన పిదప బిట్టును పైనుండియే ఎత్తుటకు, దించుటకు, మార్చుటకు వీలుండవలెను. ప్రతిసారియు వంగి బల్ల క్రిందికి దూరవలసి వచ్చినచో కొలత సరిగా రాదు.

5. మరమ్మతు సదుపాయము. ఈ మోటార్లలో కార్బన్ బ్రష్షులుండును, అవి అరుగును. కాలెట్ కూడ అరుగును. ఇవి తిరుపతిలోనో చిత్తూరులోనో దొరకునా అని యంత్రము కొనకమునుపే విచారింపవలెను. దొరకనిచో ఎంత చవకైనను కొనవలదు.

పంపుసెట్టు మోటారుకు, దీనికి గల తేడా

ఇచ్చట ఒక సంగతి చెప్పవలసియున్నది. మేము తిరుగు గ్రామములలో ఒక రైతుకుమారుడు చిన్న ట్రిమ్మరు కొని, ఒక చెక్కకు రంధ్రము చేసి దాని క్రింద బిగించెను. మీటను నొక్కి, మరల పైకి రాకుండ బిగించి ఉంచెను. పెట్టెల పని బాగుగనే సాగుచుండెను. ఒకనాడు పని మధ్యలో కరెంటు పోయెను. ఈలోగా బిట్టు మార్చుదమని అతడు ప్లగ్గు తీయకుండనే చేయి పెట్టెను. కరెంటు వచ్చెను. మీట వేసియే యున్నది గనుక యంత్రము లేచెను. కుడిచేతి చూపుడువ్రేలి కొన తెగిపోయెను. రెండు నెలలు ఆసుపత్రి చుట్టు తిరుగుటతో ఒప్పుకొన్న పెట్టెల పని పోయినది, ఆ పైరులో కలుపుతీతకు కూలీలను పెట్టవలసి వచ్చినది. నేను చూడబోయినపుడు అతని తండ్రి అన్న మాట నేటికిని మరువలేదు: "బోరు మోటారు దానంతట అదే లేస్తే మాకు మేలు సామీ. ఇది లేస్తే మావాడి వేలు పోయింది."

ఆ మాటలో సారమంతయు ఉన్నది. కరెంటు ఎప్పుడు వచ్చునో తెలియదు గనుక మనము పంపుసెట్లకు ఆటో స్టార్టర్లు పెట్టి, కరెంటు రాగానే మోటారు లేచునట్లు చేసికొనుటకు అలవాటు పడినాము. రౌటరుకు సరిగా దీనికి విరుద్ధమైన ఏర్పాటు కావలెను. కరెంటు పోయి వచ్చినను, మనిషి మరల బొత్తాము నొక్కువరకు అది లేవరాదు. ఇందుకు నో-వోల్ట్ స్విచ్చి అని ఒకటి దొరకును. ఆకుపచ్చ బొత్తాము నడుపుటకు, ఎర్ర బొత్తాము ఆపుటకు. కరెంటు పోయిన క్షణమున అది తానే విడిపోవును. మీ పంపుసెట్టు స్టార్టరులో నో-వోల్ట్ కాయిలు చేయు పనియే ఇది చేయును. దీనిని బల్ల ముందుభాగమున, మోకాలితోనైనను ఆపగల ఎత్తున బిగించవలెను. కొన్ని యంత్రములలో ఇట్టి రక్షణ లోపలనే అమర్చియుండును, కొనునపుడు అడుగుడు. స్విచ్చి ఉన్నను, లేకున్నను, బిట్టు మార్చునపుడు ప్లగ్గు ఊడదీసి కంటి ఎదుట పెట్టుకొనుట తప్పనిసరి. బల్ల కొనుటకు డబ్బు చాలనిచో చెక్కతో మీరే చేసికొనుడు. ఈ స్విచ్చి విషయమున మాత్రము పొదుపు చేయవలదు.

కరెంటు సంగతి

1,600 వాట్ల యంత్రము 230 వోల్టుల వద్ద సుమారు 7 ఆంపియర్లు తీసికొనును. సింగిల్ ఫేజు చాలును. కాని ట్యూబులైటుకు వేసిన సన్నని తీగెపై నడుపరాదు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగె, 16 ఆంపియర్ల ప్లగ్గు, ఎర్తు ఉండవలెను. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజి రక్షణ స్విచ్చి, అనగా ఆర్.సి.సి.బి., పెట్టించుట మంచిది. చుట్టగా నున్న ఎక్స్‌టెన్షన్ తీగెను పూర్తిగా విప్పి వాడవలెను. చుట్టలోనే వేడి పుట్టి తొడుగు కరగును. వోల్టేజి బాగుగా పడిపోయినపుడు యంత్రమును బలవంతముగా తోయరాదు; వేగము తగ్గి, మోటారు వేడెక్కి చుట్ట కాలును.

గ్రామోద్యోగులు కూడ గమనింపదగిన విషయము ఒకటి. మన రాష్ట్రమున 2004 నుండి వ్యవసాయ పంపుసెట్లకు ఉచిత విద్యుత్తు ఇవ్వబడుచున్నది. ఆ సర్వీసునుండి తీగె లాగి వడ్రంగి యంత్రమును నడుపరాదు. ఇచ్చిన పనికి గాక వేరు పనికి విద్యుత్తు వాడుట 2003 నాటి విద్యుత్ చట్టము 126వ సెక్షను క్రింద అనధికార వినియోగమగును. అదనపు రుసుము పడును. తిరుపతి ప్రధాన కార్యాలయముగా గల దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థవారి సెక్షన్ ఆఫీసులో విచారించి, పనికి తగిన సర్వీసు తీసికొనవలెను.

బల్ల అమరిక

బల్లకు 18 మొదలు 25 మిల్లీమీటర్ల మందపు ప్లైవుడ్ చాలును. బల్లపై భాగము సమతలముగా నుండి, కుంగకుండవలెను. నడుమ చతురస్రముగా కోసి, 6 మొదలు 10 మిల్లీమీటర్ల మందపు అల్యూమినియం పలకను ఉపరితలమునకు సమముగా దించి, యంత్రమును దానికి బిగించవలెను. కొయ్య ఆనుకొని జరుగుటకు నిలువుగా ఒక ఆనుపలక కావలెను. దీనిని ఫెన్సు అందురు. ఇది బిట్టుకు ఇరుప్రక్కల రెండు ముక్కలుగా నుండి, ముందు వెనుకలకు జరుపుటకు వీలుండవలెను. బిట్టుపై చేయి పడకుండ ఒక మూత ఉండవలెను. చిన్న ముక్కలను చేతితో గాక తోపుడు కట్టెతో తోయవలెను. కాళ్లు ఊగు బల్ల పనికిరాదు. అడుగున ఇసుక మూట వేసినను సరియే, కదలకుండ చేయవలెను.

కోత కోయు దిశ

దీనిని తెలియకనే చాల ప్రమాదములు జరుగుచున్నవి. పైనుండి చూచినచో చేతిలోని రౌటరు బిట్టు గడియారపు ముల్లువలె తిరుగును. పలక అంచు మీకెదురుగా నున్నపుడు యంత్రమును ఎడమనుండి కుడికి నడుపవలెను. బల్ల క్రింద యంత్రము తలక్రిందులగును గనుక దిశ మారును. కొయ్యను కుడినుండి ఎడమకు తోయవలెను. ఎట్లైనను బిట్టు తిరుగుడుకు ఎదురుగా కోత సాగవలెను. దిశ తప్పినచో చేతిపనిలో యంత్రము లాగుకొని పోవును. బల్లపనిలో కొయ్యను చేతినుండి విసరి, దానితోబాటు చేతిని బిట్టువైపు లాగును. బల్లపై కొయ్యను ఆనుపలకకును బిట్టుకును నడుమ ఎన్నడును ఇరికించరాదు.

ఒక్క త్రోవలో లోతు కోయు ఆశ వలదు. మామిడివంటి మెత్తని కొయ్యలో 5, 6 మిల్లీమీటర్లు. చింత, ఎర్రచందనము వంటి గట్టి కొయ్యలో 2, 3 మిల్లీమీటర్ల చొప్పున పలుమార్లు దించవలెను. బిట్టు కాడను కాలెట్‌లోనికి పూర్తిగా దించి, పిదప రెండు మూడు మిల్లీమీటర్లు పైకి తీసి బిగించవలెను.

కొయ్యను బట్టి బిట్టు

ఉక్కు బిట్లు చవక. కాని త్వరగా మొద్దుబారును. కార్బైడు మొన గల బిట్లు కొంచెము ప్రియమైనను దీర్ఘకాలము నిలుచును. టేకులో సిలికా యుండుటచే బిట్టు మొన త్వరగా పోవును. దానికి కార్బైడు తప్పనిసరి. వేపలో ఈనె అల్లుకొని యుండుటచే అంచు లేచును. పలుచని కోత తీయవలెను. మామిడి సులభముగా కోతకు లొంగును గాని త్వరగా పురుగు పట్టును. నరికిన వెంటనే పలకలుగా కోయించి, నీడలో సందులు వదలి పేర్చి ఆరబెట్టవలెను. అంగుళము మందపు పలక గాలికి ఆరుటకు స్థూలముగా ఒక సంవత్సరము పట్టును. పచ్చి కొయ్యపై తీసిన గాడి ఆరిన పిదప ముడుచుకొని కొలత తప్పును. మొదట నాలుగు బిట్లు చాలును: 6 మరియు 12 మిల్లీమీటర్ల నిట్ర బిట్లు, మెట్టు గాడి బిట్టు, అంచు గుండ్రని బిట్టు. ముప్పది బిట్ల చవక పెట్టెను కొనుటకన్న మంచివి నాలుగు కొనుట లాభము.

చెట్టు నరుకుటకు ముందు అటవీశాఖ రేంజి కార్యాలయమున అనుమతుల విషయము విచారింపవలెను. ఎర్రచందనము విషయమున మరింత జాగ్రత్త అవసరము. శేషాచలము మొదలగు తూర్పు కనుమల దక్షిణ భాగమున తప్ప ప్రపంచమున మరెచ్చటను సహజముగా పెరుగని ఈ వృక్షము 1995 నుండి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో ఉన్నది. మన రాష్ట్రము 2016లో అటవీ చట్టమును సవరించి శిక్షలను కఠినము చేసినది. పట్టా భూమిలో నాటినదైనను అనుమతి లేక నరుకరాదు, తరలింపరాదు. ఎవరైన చవకగా ముక్కలు తెచ్చి ఇచ్చినను తీసికొనవలదు. యంత్రముతో బాటు మనిషియు పోవును.

ఒడలి రక్షణ

కండువా, వ్రేలాడు పంచె, వదులు చొక్కా చేతులు, చేతి కడియము పనికిరావు. చేతి తొడుగులు కూడ వలదు. బిట్టు వాటిని లాగుకొనును. కంటికి అద్దములు తప్పనిసరి. యంత్రపు రొద చెవికి హాని చేయును గనుక చెవి బిరడాలు పెట్టుకొనవలెను. కొయ్యపొడి ముక్కు, గొంతు, ఊపిరితిత్తులకు చెరుపు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ దీనిని క్యాన్సర్ కారకముల జాబితాలో చేర్చినది. ఎన్-95 మాస్కు ధరించి, వసారాలో గాలి ఆడుచోట పని చేయవలెను. పిల్లలను దరికి రానీయరాదు.

డబ్బు ఎచ్చటనుండి?

సాంప్రదాయ వృత్తులవారికై 17-9-2023న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకమున 18 వృత్తులు కలవు. వడ్రంగము, శిల్పము వాటిలో చేరినవి. 18 సంవత్సరములు నిండి, చేతులతో, పనిముట్లతో స్వయముగా ఆ వృత్తి చేయువారు అర్హులు. కుటుంబమునకు ఒక్కరు మాత్రమే. 5 మొదలు 7 దినముల ప్రాథమిక శిక్షణలో దినమునకు 500 రూపాయల భత్యము, పనిముట్లకు 15,000 రూపాయల వరకు ఓచరు లభించును. పిదప 5 శాతము వడ్డీపై మొదట 1 లక్ష వరకు, దానిని తీర్చిన తరువాత 2 లక్షల వరకు పూచీ లేని ఋణము కలదు. దరఖాస్తు కామన్ సర్వీస్ సెంటరు ద్వారా జరుగును. మొదటి పరిశీలన గ్రామ పంచాయతీది. కావున సర్పంచులు, పంచాయతీ కార్యదర్శులు నిజముగా ఉలి పట్టువారి దరఖాస్తులు మరుగున పడకుండ చూడవలెనని కోరుచున్నాము.

ఒక్కరికి భారమైనచో నలుగురు కలియవచ్చును. బల్ల, మధ్య తరగతి యంత్రము, నో-వోల్ట్ స్విచ్చి ఉమ్మడిగా ఒకచోట ఉంచి, చిన్న ట్రిమ్మర్లు ఎవరివి వారు కొనుట మేలైన పద్ధతి. ఉమ్మడి యంత్రమునకు బాధ్యుడు ఒక్కడే ఉండవలెను. బిట్లు, కాలెట్ల లెక్క నోటుపుస్తకములో వ్రాయవలెను.

సంగ్రహముగా

అంచుల పని, శిల్పపు పని మాత్రమే చేయువారు ట్రిమ్మరు కొనుడు. దానిని బల్లకు బిగించవలదు. ఇంటి పని, పెట్టెల పని రెండును చేయువారు రెండు పీఠములు, రెండు కాలెట్లు, వేగము మార్చు బొత్తాము గల మధ్య తరగతి యంత్రమును కొనుడు. దినమంతయు తలుపులే చేయువారు పెద్దదానిని బల్లకు బిగించి, చేతికి వేరొకటి ఉంచుకొనుడు. ఎవరు ఏది కొన్నను, బల్లపని చేయువారు మొదట నో-వోల్ట్ స్విచ్చికి డబ్బు తీసి పెట్టి, మిగిలినదానితో యంత్రమును చూడుడు.

విత్తనము కొనునపుడు సంచి రంగు చూచి కొనము. మొలక శాతము చూచి కొందుము. యంత్రమైనను అంతే. కొన్న దినముననే పనికిరాని చెక్కపై, వాడుక తెలిసిన వడ్రంగి ప్రక్కనుండగా పది కోతలు తీసి చూచుకొని, పిదపనే ఒప్పుకొన్న పని మొదలుపెట్టుడు.